గిన్నెడు చేదు

తేయాకు కథ – 5వ భాగం

గత వారం: టాంగ్ వంశపు కాలంలో లూ యూ తేయాకు మీద తొలి గ్రంథం రాశాడు. ఆ తర్వాత సొంగ్ వంశపు కాలంలో చైనావాళ్లు ఆకును మెత్తగా విసిరి, వేడినీళ్లు పోసి, నురగ తేలేదాకా వెదురు కవ్వంతో చిలికి తాగడం మరిగారు. ఆ నురగ గిన్నె ఈ వారం సముద్రం దాటుతుంది.

*

షోగన్‌కు తలబరువు

ఆ ఉదయం కమకురా కోటలో అందరి ముఖాల్లోనూ కంగారే.

1214వ సంవత్సరం. చాంద్రమానం ప్రకారం రెండో నెల, నాలుగో రోజు. జపాన్‌ను ఏలుతున్న సేనాధిపతి, షోగన్ మినమొతో నో సనెతొమోకు ఒంట్లో నలతగా ఉంది. అతనికి అప్పటికి నిండా పాతికేళ్లు లేవు. కబురు తెలియగానే కొలువులో వాళ్లంతా పరుగులు పెట్టారు. తీరా చూస్తే పెద్ద జబ్బేమీ కాదు. రాత్రి విందులో సాకే కాస్త ఎక్కువైంది, అంతే.

పూజల కోసం వచ్చిన ఒక ముసలి భిక్షువు చెవిన ఈ మాట పడింది. పేరు ఎయిసాయ్, వయసు డెబ్బై మూడు. దీనికి మంచి మందుందని చెప్పి, తన మఠం జుఫుకుజి నుంచి గిన్నెడు టీ తెప్పించి తాగించాడు. ఆ గిన్నెతో పాటు ఒక పుస్తకపు చుట్ట కూడా షోగన్ చేతిలో పెట్టాడు. టీ సుగుణాలను వర్ణిస్తూ స్వయంగా రాసుకున్న పుస్తకం అది. షోగన్ చాలా సంతోషించాడని కమకురా ప్రభుత్వ వృత్తాంతమైన ‘అజుమా కగామి’ చెబుతోంది.

ఒక రోగి, ఒక మందు, ఆ మందు గొప్పలు చెప్పే ఒక కాగితం. ఈనాడు డాక్టరు గది బయట సంచి పట్టుకుని నిలబడే మందుల కంపెనీ కుర్రాడి చేతిలోనూ ఉండేవి ఇవే కదా!

జపాన్‌లో గ్రీన్ టీ మందుగానే నిలదొక్కుకుంది. ఎనిమిది వందల ఏళ్లు గడిచాక మనం సూపర్ మార్కెట్లో అట్టపెట్టె వెనక్కి తిప్పి చదివే ‘ఆరోగ్య ప్రయోజనాలు’ ఎయిసాయ్ పుస్తకపు చుట్టకు మునిమనవలే. ఆ చుట్ట నుంచి ఈ అట్టపెట్టె దాకా జరిగిన కథలో చేదుదే ప్రధాన పాత్ర. మనుషులు దాన్ని వెతికారు, తప్పించుకున్నారు, మళ్లీ వెతికారు.

చేదు కరువైన దేశం

ఎయిసాయ్ కంటే ముందే టీ జపాన్ గడప తొక్కింది. 815లో ఒమి ప్రాంతంలోని కరసాకిలో ఎయిచూ అనే భిక్షువు సాగా చక్రవర్తికి తన చేతులతో టీ కాచి ఇచ్చినట్టు రాజవంశ చరిత్రలో నమోదై ఉంది. 894లో చైనాకు రాయబారాలు పంపడం మానేశాక ఆ మోజు కూడా తగ్గింది. కొన్ని మఠాల్లో, దర్బారు పూజల్లో మాత్రం కాస్త మిగిలింది.

ఎయిసాయ్ రెండుసార్లు చైనా వెళ్లాడు. మొదట 1168లో, తర్వాత 1187లో. రెండోసారి నాలుగేళ్లు అక్కడే ఉండి జెన్ ధ్యానమార్గం నేర్చుకున్నాడు. 1191లో తిరిగొచ్చేటప్పుడు ఆ దీక్షతో పాటు తేయాకు విత్తనాలూ తెచ్చాడు. క్యూషూ ద్వీపంలోని సెఫురి కొండల్లో వాటిని నాటాడని చెబుతారు. కొన్ని విత్తనాలు క్యోటో దగ్గర తొగనొ కొండ మీద కోజాన్‌జి మఠంలో ఉండే మ్యోయె అనే భిక్షువుకు ఇచ్చాడు. ఆ తోటల సంతతే తర్వాత ఉజి పట్టణానికి చేరింది.

ధ్యానానికీ టీకీ పొత్తు ఎలా కుదిరిందో చెప్పే కథ మనకు దగ్గరిదే. దక్షిణ భారతం నుంచి చైనా వెళ్లాడని చెప్పే బోధిధర్ముడు ధ్యానంలో కునుకు పడుతోందని కోపం తెచ్చుకుని కనురెప్పలు కోసి పారేశాడట. అవి పడ్డచోట తేయాకు మొక్కలు మొలిచాయట. ఇది వట్టి కట్టుకథే. అయినా తెల్లవార్లూ కూర్చునే భిక్షువుకు కెఫీన్ ఎంత అక్కరకొచ్చిందో అది ఒక్క ముక్కలో చెబుతుంది.

1211లో ఎయిసాయ్ రాసిన పుస్తకం పేరు ‘కిస్సా యోజోకి’. టీ తాగి ఆయువు కాపాడుకోవడం గురించిన పుస్తకం అని అర్థం. అందులో అతని వాదం చాలా సూటిగా ఉంటుంది. శరీరంలో ఐదు ముఖ్య అవయవాలు, ఒక్కోదానికి ఒక్కో ఇష్టమైన రుచి. కాలేయానికి పులుపు, ఊపిరితిత్తులకు కారం, ప్లీహానికి తీపి, మూత్రపిండాలకు ఉప్పు, గుండెకు చేదు. జపాన్‌వాళ్ల భోజనంలో మిగతా నాలుగూ ఉన్నాయి, చేదు మాత్రం లేదు. అవయవాలకు రాజైన గుండె ఆ కరువుతో చిక్కిపోతోంది. చైనావాళ్లు టీ తాగుతారు కాబట్టి వాళ్లకు ఆ బాధ లేదు. మనమూ తాగుదాం.

తెలుగువాళ్లకు ఈ లెక్క వింతగా అనిపించదు. చేదుకు చోటివ్వడం కోసమే ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేస్తాం. చైనా వైద్యంలో రుచులు ఐదు, మనకు ఆరు. ఎయిసాయ్ జాబితాలో లేని ఆ ఆరోది వగరు. కరక్కాయ కొరికితే, పచ్చి అరటికాయ జిగురు తగిలితే నాలుక బిగదీసుకునేలా చేసే రుచి. గ్రీన్ టీ గిన్నెలో చేదు ఎంతో వగరూ అంత. ఎయిసాయ్‌కు దాన్ని విడిగా లెక్కించే అలవాటు లేదు. ఈ ఆరో రుచిని గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో దానితో పనుంది.

అతని పుస్తకంలో రెండో భాగం తేయాకు గురించి కాదు. అదంతా మల్బరీ మహిమ. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకు బాగా తెలిసిన చెట్టే. మల్బరీతో నయమవుతాయని అతను చెప్పిన ఐదు రోగాల్లో ఒకటి ‘నీళ్లు తాగే జబ్బు’. ఎంత తాగినా దాహం తీరని ఆ వ్యాధి మధుమేహమేనని వైద్య చరిత్రకారులు గుర్తించారు. ఒక పుస్తకంలో రెండు ఆకులు: తేయాకు, మల్బరీ. ఏడు శతాబ్దాల తర్వాత ఒక స్త్రీ జీవితంలోకి కూడా ఈ రెండు ఆకులే వస్తాయి.

చేదుకు గొడుగు

వంకాయ కోసి నీళ్లలో వేయకపోతే ఏమవుతుంది? నిమిషాల్లో నల్లబడుతుంది. ముక్కలోని ఒక ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే పని అది. తేయాకులోనూ అదే జాతి ఎంజైమ్ ఉంది. కోసిన ఆకును వాడ్చి, నలిపి, గాలికి వదిలేస్తే ముదురు రంగుకు తిరిగి మనం పాలు పోసుకునే మామూలు టీ పొడి అవుతుంది. కోసిన వెంటనే వేడి తగిలిస్తే ఎంజైమ్ చచ్చిపోయి ఆకు పచ్చగా ఉండిపోతుంది. అదే గ్రీన్ టీ. రెండూ ఒకే మొక్కవి. ఈ సంగతి తెలియక వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1762లో నల్ల టీది ఒక జాతి, పచ్చ టీది మరో జాతి అని రెండు పేర్లు పెట్టేశాడు.

ఆ వేడి ఎలా తగిలించాలన్న దగ్గర చైనా, జపాన్ దారులు విడిపోయాయి. చైనాలో ఇనప మూకుడులో వేయించడం స్థిరపడింది. జపాన్ మాత్రం పాత పద్ధతినే పట్టుకుని, మనం ఇడ్లీకి పట్టినట్టు ఆకుకు ఆవిరి పట్టడం కొనసాగించింది. చైనాలోనే చిలికే పొడి టీ అడుగంటిపోయింది. 1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి, టీ ముద్దలు చేయడం ప్రజలకు భారమవుతోందని, ఇకపై కప్పం కింద విడి ఆకే పంపాలని ఆజ్ఞ ఇచ్చాడు. కన్నతల్లి మరిచిపోయిన పద్ధతిని పెంచుకున్న తల్లి దాచుకుంది. నేడు మనం ‘మాచా’ అంటున్న పచ్చటి పొడి అదే.

ఎయిసాయ్ మందు అని ఇచ్చిన గిన్నె నూటపాతికేళ్లు తిరిగేసరికి దొరల ఆటవస్తువైంది. 14వ శతాబ్దంలో ప్రభువులు టీ పందేలు కాసేవారు. ఏ గిన్నెలో అసలైన తొగనొ కొండ టీ ఉందో, ఏ గిన్నెలో ఇతర ఊళ్లది ఉందో రుచి చూసి చెప్పాలి. రుచికి విలువ పెరిగేకొద్దీ ఉజి రైతులు ఒక ఉపాయం పట్టారు. వసంతంలో చిగురు వేసేవేళ తోటంతటికీ పందిరి వేసి, పైన రెల్లు తడకలు, గడ్డి పరిచి, సుమారు ఇరవై రోజులు ఎండ తగలనివ్వకుండా ఆపారు.

దాని వెనక ఉన్న మర్మం 20వ శతాబ్దంలో గానీ తేలలేదు. తేయాకు మొక్క వేళ్లలో థియనైన్ అనే అమైనో ఆమ్లం తయారై ఆకుకు ఎక్కుతుంది. నాలుకకు కమ్మగా తగిలే పదార్థమిది. ఎండ పడితే ఆకు దాన్ని వాడుకుని చేదు, వగరు ఇచ్చే పదార్థాలను పెంచుకుంటుంది. నీడలో ఉంచితే ఆ మార్పు మందగిస్తుంది. కమ్మదనం మిగులుతుంది, చేదు తగ్గుతుంది.

అంటే ఏమైందో చూడండి. చేదు కోసం తాగమన్నాడు భిక్షువు. చేదు తీసేసిన టీకే ఎక్కువ డబ్బు పోశారు ప్రభువులు. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ వంటి గురువులు టీ తాగడాన్ని ఒక సాధనగా తీర్చిదిద్దినప్పుడు ఆ గిన్నెలో ఉన్నదీ ఈ నీడ టీయే.

నీడ ఆకుకు దక్కిన మర్యాద అంతా ఇంతా కాదు. 1630ల నుంచి ఏటా ఎదో నగరం, అంటే నేటి టోక్యో నుంచి షోగన్ ఖాళీ జాడీలు ఉజికి బయల్దేరేవి. కొత్త ఆకు నింపుకుని ఊరేగింపుగా తిరిగొచ్చేవి. జాడీలు దారిలో వెళుతుంటే జనం పక్కకు తప్పుకుని నేల మీద మోకరిల్లాలి. జపాన్ పిల్లలు నేటికీ చేతులు కలిపి ఆడుకునే ఒక ఆటపాట ఆ జాడీలను చూసి ఇళ్లల్లోకి పరుగెత్తి తలుపులు వేసుకున్న జనం గురించినదేనని పెద్దలు చెబుతారు.

మరి పల్లెల సంగతి? తోట మీద పందిరి వేసే హక్కు ఉజిలో అనుమతి పొందిన కొన్ని కుటుంబాలకే ఉండేది. మిగతావాళ్లు ముదురాకులు కాచుకుని గోధుమరంగు నీళ్లు తాగేవారు. ఈ అంతరాన్ని ఒక రైతు పూడ్చాడు. ఉజితవారాలోని యుయాదని అనే పల్లెలో నగతాని సోయెన్ పదిహేనేళ్లు తిప్పలు పడ్డాడని చెబుతారు. పందిరి లేని తోటలో లేత చిగుళ్లు మాత్రమే గిల్లి, ఆవిరి పట్టి, కింద బొగ్గుల సెగ తగిలే కాగితపు బల్ల మీద అరచేతులతో నలుపుతూ ఆరబెట్టాడు. 1738లో ఆ ఆకు మూట కట్టుకుని ఎదో నగరానికి వెళ్లి, యమమొతో కహెయి అనే వర్తకుడికి చూపించాడు. కాచిన నీళ్లు లేత పచ్చగా, సువాసనగా ఉన్నాయి. వర్తకుడు అక్కడికక్కడే బేరం కుదుర్చుకున్నాడు. నేడు జపాన్ ఇళ్లల్లో రోజూ తాగే ‘సెంచా’ పుట్టింది అలాగే. ఎండలో పెరిగిన ఆకు కాబట్టి ఎయిసాయ్ కోరిన చేదు కూడా దానితో గిన్నెలోకి తిరిగొచ్చింది.

1859లో యొకొహామా రేవు తెరిచాక పట్టు తర్వాత జపాన్ ఎక్కువగా అమ్మిన సరుకు టీయే, ఎక్కువగా కొన్నది అమెరికా. 1868లో షోగన్ల పాలన పోయి కత్తికి పనిలేకుండా పోయిన సమురాయ్‌లు కొందరు మరుసటి ఏడు షిజువొకాలోని మకినొహరా పీఠభూమిలో గడ్డపార పట్టి బీడు భూమిని టీ తోటగా మార్చారు. వంతెనలు, పడవలు వచ్చి కూలి పోగొట్టుకున్న ఓయి నది మోతగాళ్లూ వాళ్లతో కలిశారు. ఆ తోటలు ఇప్పటికీ ఉన్నాయి.

జీతంలేని సహాయకురాలు

ఎయిసాయ్ మాటను ఏడు వందల ఏళ్లు జనం నమ్మారు. నిజమో కాదో పరీక్షించి చూసినవాళ్లు లేరు. ఆ పనిలో పెద్ద అడుగు వేసింది ఒక బడి పంతులమ్మ.

సుజిమురా మిచియో 1888లో సైతామా ప్రాంతంలోని ఒకెగావాలో పుట్టింది. చదువు అయ్యాక కొన్నాళ్లు పాఠాలు చెప్పింది గానీ మనసంతా పరిశోధన మీదే. 1920లో హొక్కైదో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం తలుపు తట్టింది. ఆడపిల్లలను విద్యార్థులుగా చేర్చుకోవడం అక్కడ లేదు. జీతం లేకుండా సహాయకురాలిగా ఉంటానంటే ఉండమన్నారు. అప్పగించిన పని పట్టుపురుగుల పోషణ మీద పరిశోధన. అంటే మల్బరీ ఆకు మేసే పురుగులతో మొదలైంది ఆమె శాస్త్ర జీవితం. ఎయిసాయ్ పుస్తకంలోని రెండో ఆకు ఇదే.

1922లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలోని వైద్య రసాయన ప్రయోగశాలకు మారింది. 1923 సెప్టెంబర్ 1న వచ్చిన కాంటో మహాభూకంపం ఆ ప్రయోగశాలను నేలమట్టం చేసింది. మరుసటి నెలలో ఆమె రికెన్ పరిశోధన సంస్థలో చేరింది. అక్కడి గురువు సుజుకి ఉమెతారో. తవుడులో బెరిబెరి వ్యాధిని పోగొట్టే పదార్థం ఉందని 1910లో చూపిన శాస్త్రవేత్త, నేడు దాన్నే బి1 విటమిన్ అంటున్నాం. ఆయన గదిలో సుజిమురా చేతికి రెండో ఆకు వచ్చింది. తేయాకు.

మరుసటి ఏడే, 1924లో, సహచరుడు మియురా సెయితారోతో కలిసి గ్రీన్ టీలో సి విటమిన్ ఉందని ఆమె నిరూపించింది. అప్పటికి ఆ విటమిన్‌ను ఎవరూ విడదీసి చూసింది లేదు. స్కర్వీ వ్యాధిని ఆపే ఏదో పదార్థం అని మాత్రమే తెలుసు. నల్ల టీ తయారీలో అది చాలావరకు నశిస్తుంది, ఆవిరి పట్టిన ఆకులో నిలుస్తుంది. ఈ కబురుతో ఉత్తర అమెరికాలో జపాన్ టీకి గిరాకీ పెరిగింది. 1214లో పుస్తకపు చుట్ట చేసిన పనిని ఈసారి పరిశోధన పత్రం చేసిందన్నమాట.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆకులోని చేదు, వగరు ఎక్కడున్నాయో వెతికింది. 1929లో గ్రీన్ టీ నుంచి కెటెకిన్ అనే పదార్థాన్ని స్ఫటికాలుగా విడదీసింది. గ్రీన్ టీ రసాయన ఘటకాల మీద సిద్ధాంత గ్రంథం రాసి, 1932లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకుంది. జపాన్‌లో వ్యవసాయ శాస్త్రంలో డాక్టరేట్ పొందిన తొలి మహిళ ఆమే. 1934లో గాలోకెటెకిన్‌ను కూడా వేరుచేసింది. 1949లో టోక్యోలోని ఒచానోమిజు మహిళా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయింది. ఆ ఊరిపేరుకు అర్థం ‘టీ నీళ్లు’. ఒకప్పుడు అక్కడి గుడి ఊటనీరు షోగన్ టీకి వెళ్లేదట. టీ గుట్టు విప్పిన ఆమెకు ఆ పేరుగల విశ్వవిద్యాలయంలోనే కొలువు దొరికింది. 1969లో, ఎనభై ఏళ్ల వయసులో కన్నుమూసింది.

మన కాచు చుట్టరికం

సుజిమురా విడదీసిన కెటెకిన్ పేరులో ఒక తెలుగు మాట వినిపిస్తుంది. చెవి ఒగ్గి వినండి.

తాంబూలంలో సున్నంతో పాటు వేసుకునే ఎర్రటి ముక్క, కాచు. చండ్ర చెట్టు చేవను ముక్కలు చేసి, నీళ్లలో ఉడికించి, చిక్కబరిచి తీస్తారు. నోరు ఎర్రబడటానికీ, వగరు తగలడానికీ కారణం అదే. దక్షిణాది భాషల్లోనూ మలయ్‌లోనూ వాడుకలో ఉన్న ఈ కాచు మాటే ఐరోపా ఓడలెక్కి ‘కెటెచు’ అయింది. 19వ శతాబ్దంలో రసాయన శాస్త్రజ్ఞులు కాచు నుంచి తీసిన పదార్థానికి కెటెకిన్ అని పేరుపెట్టారు. దాని దగ్గరి బంధువులే తేయాకులో దొరికినప్పుడు ఆ కుటుంబమంతా కెటెకిన్ల పేరుతోనే చలామణి అయింది.

ఇంకో తమాషా. 17వ శతాబ్దపు ఐరోపా మందుల దుకాణాల్లో కాచును ‘టెర్రా జపోనికా’ అనేవారు, అంటే జపాన్ మట్టి. అది జపాన్ నుంచి వచ్చే ఒక రకం మన్ను అని భ్రమపడ్డారు. మన అడవుల్లోని చెట్టు సారానికి జపాన్ పేరు తగిలించారు. చివరికి జపాన్‌వాళ్లు తమ టీలో దొరికిన సారాన్ని మన కాచు పేరుతో పిలవాల్సి వచ్చింది. లెక్క సరిపోయింది.

కెటెకిన్లు నాలుక మీద చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. లాలాజలంలో జారుడుతనం ఇచ్చే ప్రొటీన్లను అవి పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. జారుడు పోయి నోరు బిగుస్తుంది. అదే వగరు. పాలలోని ప్రొటీన్లనూ అవి ఇలాగే పట్టుకుంటాయి కాబట్టి పాలు పోసిన టీలో వగరు తెలియదు. ఎయిసాయ్ చేదు అన్నదాంట్లో పెద్ద భాగం మన ఆరో రుచి. అతని సిద్ధాంతంలో దానికి పేరు లేదు, అతని గిన్నెలో మాత్రం నిండుగా ఉంది.

తక్కెడలో వేస్తే

ఇక అసలు ప్రశ్న. భిక్షువు చెప్పింది నిజమేనా? గుండెకు మంచిదేనా?

1994లో ఈశాన్య జపాన్‌లోని మియాగి ప్రాంతంలో, ఒసాకి అనేచోట ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. 40 నుంచి 79 ఏళ్ల లోపు 40,530 మందిని పదకొండేళ్లు గమనించారు. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రోజుకు ఒక్క కప్పు కూడా తాగనివాళ్లతో పోలిస్తే ఐదు కప్పులు, ఆపైన తాగేవాళ్లలో మరణాలు పురుషుల్లో 12 శాతం, స్త్రీలలో 23 శాతం తక్కువ. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లనే లెక్కిస్తే తేడా ఇంకా పెద్దది, పురుషుల్లో 22 శాతం, స్త్రీలలో 31 శాతం. అక్కడ కప్పు అంటే దాదాపు 100 మిల్లీలీటర్లు. ఐదు కప్పులు కలిపితే అర లీటరు.

గుండె విషయంలో ఎయిసాయ్ గురి తప్పలేదన్నమాట. అయితే ఇలాంటి అధ్యయనానికి ఒక పరిమితి ఉంది. టీ ఎక్కువ తాగేవాళ్ల తిండి, నడక, జీవన పద్ధతి కూడా వేరుగా ఉండొచ్చు. వాటి ప్రభావాన్ని లెక్కలతో తీసేసేందుకు ఎంత ప్రయత్నించినా, టీ వల్లనే ఆయువు పెరిగిందని ముద్ర వేయడానికి అది చాలదు.

తక్కెడ రెండో పళ్లెం కూడా చూడాలి. ఆ ఒసాకి అధ్యయనంలోనే కేన్సర్ మరణాల్లో తేడా ఏమీ కనిపించలేదు. అదే మియాగిలో 26,311 మందిని పరిశీలించి 2001లో ప్రచురించిన మరో అధ్యయనం, గ్రీన్ టీ తాగినంత మాత్రాన కడుపు కేన్సర్ ముప్పు తగ్గదని తేల్చింది. చెడు కొలెస్ట్రాల్ సంగతి? 14 ప్రయోగాలను కలిపి 2011లో లెక్క కడితే తగ్గిందల్లా సగటున డెసిలీటరుకు రెండు మిల్లీగ్రాముల పైచిలుకు. నిజమైన తగ్గుదలే, కాకపోతే చిన్న తగ్గుదల. బరువు విషయంలో మరీ నిరాశ. 2012లో కోక్రేన్ సంస్థ సమీక్ష ప్రకారం తగ్గే బరువు వైద్యపరంగా చెప్పుకోదగ్గది కాదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. పొద్దున్నే పరగడుపున గ్రీన్ టీ తాగుతూ నెలకోసారి తూకం యంత్రం ఎక్కేవాళ్లకు రుచించని మాటే ఇది.

2006లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆరు నెలల్లో రెండు తీర్పులిచ్చింది. మే నెలలో, గ్రీన్ టీ గుండెజబ్బు ముప్పు తగ్గిస్తుందని డబ్బాల మీద రాసుకోవడానికి ఆధారాలు చాలవని తోసిపుచ్చింది. అక్టోబరులో, గ్రీన్ టీ కెటెకిన్లతో చేసిన ఒక పైపూత మందుకు అనుమతి ఇచ్చింది. జననాంగాల దగ్గర లేచే పులిపిరులకు వాడే లేపనమది. మొక్క సారాల కోటాలో ఆ సంస్థ ఆమోదించిన మొట్టమొదటి మందు కూడా. తాగే టీ మీద చేసిన పెద్ద వాదన ఓడింది, పూసే మందు మీద చేసిన చిన్న వాదన గెలిచింది. ఆకులో గుణం లేదని ఎవరూ అనలేదు. ఏ గుణం, ఎంత మోతాదులో, దేనికి అన్నదే ప్రశ్న.

మోతాదు పెరిగితే మందే విషం. రోజూ గ్రీన్ టీ తాగేవాళ్లకు అందులోని ముఖ్యమైన కెటెకిన్, ఇ.జి.సి.జి., సుమారు 90 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా అందుతుంది. బరువు తగ్గిస్తామంటూ అమ్మే గ్రీన్ టీ సారం మాత్రల్లో అది అంతకు మించి ఉండొచ్చు. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన మాత్రల రూపంలో తీసుకున్నవాళ్లలో కాలేయం దెబ్బతింటున్న సూచనలు కనిపించాయని 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది. గిన్నె వేరు, గోలీ వేరు.

మన గ్లాసులోకి

మన ఇళ్ల దృష్టితో చూస్తే మూడు సంగతులు ముఖ్యం.

మొదటిది ఇనుము. నాలుక మీద ప్రొటీన్లను పట్టుకున్నట్టే కెటెకిన్లు పొట్టలో ఆకుకూరల, పప్పుల ఇనుమునూ పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఈ పరిస్థితుల్లో అన్నం తిన్న వెంటనే గ్రీన్ టీ తాగడం తోటకూర తిని ఉమ్మేసినట్టే. కనీసం గంట ఎడం ఉంచాలి. ఇనుము మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

రెండోది వేడి. పొగలు కక్కే టీ గొప్ప కాదు. 65 డిగ్రీలకు మించిన వేడి మీద తాగే ఏ పానీయమైనా అన్నవాహిక కేన్సర్‌కు బహుశా కారణమవుతుందని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం చెప్పింది. సెంచాకు జపాన్‌వాళ్లు మరిగే నీళ్లు వాడరు. మరిగాక దింపి, 70, 80 డిగ్రీలకు చల్లారనిచ్చి, అప్పుడు పోస్తారు. ఆకు నిమిషం నానితే చాలు. చాలామంది మనవాళ్లు సలసల మరిగే నీళ్లలో టీ బ్యాగు పడేసి పది నిమిషాలు మరిచిపోతారు. తర్వాత విషంలా ఉందని తేనె, నిమ్మరసం పిండుతారు. తప్పు ఆకుది కాదు.

మూడోది కెఫీన్. గ్రీన్ టీలో అది ఉండదనుకునేవాళ్లు ఉన్నారు. జపాన్ ఆహార పట్టికల ప్రకారం 100 మిల్లీలీటర్ల సెంచాలో 20 మిల్లీగ్రాములు, అంతే కాఫీలో 60. నీడలో పెంచి, కొద్ది నీళ్లలో చిక్కగా తీసే గ్యొకురో టీలో 160. నిద్రపట్టనివాళ్లు సాయంత్రం మానుకోవడం మేలు. గుండెజబ్బులకు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నవాళ్లు డాక్టరుతో ఒక మాట అనుకోవాలి. కొన్ని మందుల పనికి గ్రీన్ టీ అడ్డుపడుతుంది.

ఇవి పాటిస్తే మిగిలేది ఒక మంచి పానీయం. చక్కెర లేదు, పాల కొవ్వు లేదు. రోజుకు నాలుగు తీపి టీలు తాగే మనిషి రెండింటిని గ్రీన్ టీతో మార్చుకుంటే నాలుగు చెంచాల పంచదార తప్పినట్టే. కెటెకిన్ల లెక్క ఎటు తేలినా ఈ లాభం మాత్రం గ్యారంటీ.

కమకురాకు తిరిగి వెళదాం. ఆయువు పెంచే మందు రాసిచ్చిన ఎయిసాయ్ మరుసటి ఏడు, 1215లో పోయాడు. మందు తాగిన షోగన్ ఐదేళ్లు తిరక్కుండానే, 1219లో, మంచు కురిసిన ఒక రాత్రి త్సురుగవొకా హచిమన్ గుడి దగ్గర సొంత అన్న కొడుకు కత్తికి బలయ్యాడు. దానికి ఏ ఆకులోనూ విరుగుడు లేదు. ఆ గిన్నె చేసిన మేలల్లా ఒక తాగుబోతు పొద్దుటి తలబరువును కాస్త దించడం. నీళ్లు, కెఫీన్, ఒక పెద్దాయన ఆదరణ. ఆ పూటకు అది చాలింది. గ్రీన్ టీని ఆ పాటి మందుగానే చూస్తే అది మనల్ని ఎప్పుడూ మోసం చేయదు.

*

వచ్చే వారం: 1848లో తలకు పొడుగాటి జడ తగిలించుకుని, చైనావాడి వేషంలో టీ కార్ఖానాలోకి దూరాడు స్కాట్లండ్ తోటమాలి రాబర్ట్ ఫార్చూన్. అక్కడ ఆకు కలుపుతున్న కూలీల వేళ్లన్నీ నీలంగా ఉన్నాయి. ఐరోపావాళ్ల కోసం గ్రీన్ టీకి రంగు వేస్తున్నారు! ఆ నీలం కథ, అతను దొంగిలించి తెచ్చిన మొక్కలు హిమాలయాలకు చేరిన కథ.